పాత కంప్యూటరుకు ఏ ర్యామ్ పడుతుంది

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో బడులు, హాస్టళ్లు, గ్రంథాలయాలు, సాయంత్రపు తెలుగు తరగతులు నడిపే ధర్మకర్తలకు బహిరంగ లేఖ

పాత కంప్యూటరులో ర్యామ్ పెంచేటప్పుడు డబ్బు వృథా అయ్యేది చాలావరకు ఒకే చోట. స్లాటులో ఏది పడుతుందో, పడినదాన్ని బోర్డు గుర్తుపడుతుందో లేదో చూడకుండానే స్టిక్కు కొనేస్తారు. పది, పదిహేనేళ్ల నాటి యంత్రాల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఆ కాలంలో ర్యామ్ తరం మారింది, ఒకే తరంలో వోల్టేజీ మారింది, ఒక్కో చిప్పులో పట్టే సమాచారం కూడా మారింది. పైకి మాత్రం అన్నీ ఒకేలా కనిపించే పచ్చ పట్టీలు. తప్పు పట్టీ పెడితే తెర వెలగదు. "బోర్డు పోయింది" అని తేల్చేస్తారు. యంత్రం మూలకు చేరుతుంది, కొన్నాళ్లకు పాతసామాను బండి ఎక్కుతుంది.

ఈ విషయం ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసరు కావాలి. ఎంత ర్యామ్ వేసినా 2012 నాటి యంత్రం ఆ అర్హత పొందదు. అందువల్ల ట్రస్టుల కంప్యూటరు గదుల్లో ఉన్నవాటిని మొత్తంగా తీసేయాలనే ఆలోచన చాలాచోట్ల వస్తోంది. అయితే వాటిలో చాలా యంత్రాలకు ప్రాసెసరు ఇంకా చాలు. ర్యామ్ సరిపడేలా వేసి, విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే అక్షరాలు దిద్దించడానికి, పాత కాగితాలు స్కాన్ చేయడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి మరికొన్నేళ్లు పనికొస్తాయి.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. విశ్వనాథ నాయకుడు 1529లో మదురైలో పాలన స్థాపించిన నాటి నుంచి, అంతకు ముందు విజయనగర దండయాత్రల వెంట వచ్చిన కుటుంబాల నుంచి, ఈ ఊళ్లలో తెలుగు ఇంటి భాషగా నిలిచింది. కోయంబత్తూరు పీలమేడులోనూ పాపనాయకన్‌పాళయంలోనూ, మదురై చుట్టూ ఉన్న పల్లెల్లోనూ మాట తెలుగు, రాత తమిళం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం అన్ని బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేశాక, తెలుగు అక్షరం నేర్చుకునే చోటు ఎక్కువగా సంఘం గదికి, సాయంత్రపు తరగతికి మారింది. ఆ గదుల్లో ఉండేవి సాధారణంగా ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లే. అవి ఆగిపోతే తరగతి కూడా ఆగుతుంది. అందుకే ర్యామ్ పట్టీ లాంటి చిన్న వస్తువు గురించి ఇంత వివరంగా చెప్పవలసి వస్తోంది.

ఎంత ర్యామ్ కావాలన్నది చేసే పనిని బట్టి ఉంటుంది. తాతల నాటి భూమి పత్రాలు, పెళ్లి శుభలేఖలు, చదివింపుల పుస్తకాలు, భజన పాటల నోటుబుక్కులు తెలుగు లిపిలో ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని చదవగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు కాబట్టి స్కానింగ్ ఆలస్యం కాకూడని పని. ఒక ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగులో స్కాన్ చేస్తే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు వస్తాయి. అంటే దాదాపు 87 లక్షల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల లెక్కన ఆ ఒక్క పేజీ ర్యామ్‌లో 26 ఎంబీ ఆక్రమిస్తుంది. డిస్కులో జేపెగ్‌గా దాచాక ఎంత చిన్నదైనా, తెరిచి దిద్దేటప్పుడు మాత్రం అంత చోటూ కావాలి. 40 పేజీలు ఒకేసారి తెరిస్తే ఒక జీబీ దాటుతుంది. సిరా వెలిసిన కాగితమని 600 చుక్కలు పెడితే అదే 40 పేజీలకు 4 జీబీ పైన. 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో విండోస్ 10 లేచి నిలబడేసరికే చాలా భాగం అయిపోతుంది. మిగిలిన చోటులో ఈ పని సాగదు. అక్షరాలు దిద్దించడం, టైపు చేయడం, ఒక బ్రౌజరు తెరవడం మాత్రమే అయితే తేలిక లైనక్స్‌తో 4 జీబీ చాలు. స్కానింగ్‌కు 8 జీబీ ఉంటే నిశ్చింత.

ముందు, కొరత నిజంగా ర్యామ్‌దేనా అని చూడాలి. విండోస్ 10లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి మెమరీ గీతను చూడాలి. అది 90 శాతం దగ్గర ఆడుతూ, డిస్కు గీత కూడా పైకే అతుక్కుపోతే, చోటు చాలక యంత్రం డిస్కును ర్యామ్‌గా వాడుకుంటోందని అర్థం. మెమరీ సగమే నిండి, డిస్కు మాత్రం నూటికి నూరు చూపిస్తుంటే ఎంత ర్యామ్ వేసినా లాభం లేదు. అక్కడ కావలసింది తిరిగే హార్డ్‌డిస్కు బదులు ఎస్ఎస్‌డీ. ఇదే టాస్క్ మేనేజర్‌లో స్లాట్లు ఎన్ని, ఎన్ని వాడుకలో ఉన్నాయి, ర్యామ్ వేగం ఎంత అన్నవి కూడా కనిపిస్తాయి. లైనక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే ఆజ్ఞ ఒక్కో స్లాటులో ఏ కంపెనీ, ఏ నంబరు స్టిక్కు ఉందో రాసి చూపిస్తుంది. ఈ రెండు చూపులూ మూత విప్పకుండానే అయ్యేవి.

తరం అన్నిటికంటే ముఖ్యం. డీడీఆర్ ప్రమాణం 2000లో, డీడీఆర్2 2003లో, డీడీఆర్3 2007లో, డీడీఆర్4 2012లో, డీడీఆర్5 2020లో వచ్చాయి. ఒక తరం స్టిక్కు మరో తరం స్లాటులో పనిచేయదు. వోల్టేజీ వేరు, సంకేతాల పద్ధతి వేరు. డీడీఆర్‌కు 2.5 వోల్టులు, డీడీఆర్2కు 1.8, డీడీఆర్3కు 1.5, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1. కోయంబత్తూరువాళ్లకు ఇది మోటారు లెక్కలో చెబితే ఇట్టే తెలుస్తుంది. రెండు మోటార్ల ప్లేటు మీదా రెండు హార్స్‌పవర్ అనే ఉండవచ్చు. ఒకటి సింగిల్ ఫేజు, ఇంకొకటి త్రీ ఫేజు అయితే ఒకదాని బదులు మరొకటి బిగించరు. 4 జీబీ అన్న మాట కూడా అలాంటిదే, అది శక్తిని చెబుతుంది గాని అతుకును చెప్పదు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరున్నదాన్ని 1937లో జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు తయారుచేసిన ఊరిలో, ప్లేటు చదవకుండా మోటారు కొనేవారు ఉండరు. ర్యామ్ లేబులుకు కూడా ఆ మర్యాదే ఇవ్వాలి.

పిన్నులు లెక్కపెట్టి తరం తేల్చుకోవచ్చుననుకుంటే పొరపాటు. డెస్క్‌టాప్ స్టిక్కుల్లో డీడీఆర్2కూ డీడీఆర్3కూ 240 పిన్నులే, డీడీఆర్4కూ డీడీఆర్5కూ 288 పిన్నులే. తేడా బంగారు రంగు అంచులో ఉండే గాటు దగ్గర ఉంటుంది. తరం మారినప్పుడల్లా ఆ గాటు కొద్దిగా జరుగుతుంది. స్లాటులో దానికి ఎదురుగా ఉండే మెట్టు కూడా జరుగుతుంది. గాటు మెట్టు మీద కూర్చోకపోతే అది ఆ బోర్డు స్టిక్కు కాదు, బలవంతంగా నొక్కితే స్లాటు పగులుతుంది. ల్యాప్‌టాప్ స్టిక్కు పొడవు డెస్క్‌టాప్ స్టిక్కులో సగమే. డెస్క్‌టాప్‌ది 13 సెంటీమీటర్ల పైచిలుకు, ల్యాప్‌టాప్‌ది ఏడుకు కాస్త తక్కువ. వాటి పిన్నులు డీడీఆర్2లో 200, డీడీఆర్3లో 204, డీడీఆర్4లో 260. ప్రాసెసరు పేరును బట్టి కూడా తరం చెప్పలేం. కోర్ 2 డ్యుయో కాలపు జీ41 చిప్‌సెట్‌తో (బోర్డును నడిపించే చిప్పుల జత) డీడీఆర్2 స్లాట్లున్న బోర్డులూ వచ్చాయి, డీడీఆర్3 స్లాట్లున్నవీ వచ్చాయి. 2015 నాటి ఆరో తరం ఇంటెల్‌కు డీడీఆర్4 బోర్డులతో పాటు డీడీఆర్3ఎల్ బోర్డులూ ఉన్నాయి. అసెంబుల్డ్ యంత్రమైతే స్లాట్ల మధ్యనో, ప్రాసెసరు పక్కనో అచ్చువేసిన బోర్డు పేరు చదవాలి. కంపెనీ యంత్రమైతే వెనక అతికించిన మోడల్ నంబరు చదివి, ఆ కంపెనీ సర్వీసు మాన్యువల్‌లో మెమరీ పేజీ చూడాలి. ఊహతో పని లేదు.

డీడీఆర్3లో ఒక చిక్కు ఉంది. మామూలు డీడీఆర్3కు 1.5 వోల్టులు. 2010లో 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ ప్రమాణం వచ్చింది. రెంటికీ గాటు ఒకే చోట, పిన్నులు ఒకటే. 2013 నుంచి వచ్చిన నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఎల్ రకాన్నే ఒప్పుకుంటాయి. మామూలుది పెడితే స్లాటులో చక్కగా కూర్చుంటుంది కాని తెర వెలగదు. ఎల్ రకం మాత్రం రెండు వోల్టేజీల్లోనూ నడుస్తుంది. అందువల్ల డీడీఆర్3 ల్యాప్‌టాప్‌కు కొనేటప్పుడు, యంత్రం ఏ ఏడాదిదైనా, ఎల్ రకమే అడగడం మేలు. వోల్టేజీ పరంగా అది ఎక్కడా ఇబ్బంది పెట్టదు.

ఇక లేబులు. ల్యాప్‌టాప్ స్టిక్కు మీద తరచుగా ఇలాంటి వరస ఉంటుంది: 4జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్-11. చీమ తలకాయంత అక్షరాలు, ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే హాయిగా చదవవచ్చు. మొదటిది పరిమాణం. పీసీ3 అంటే మూడో తరం. ఎల్ అంటే 1.35 వోల్టులు. 12800 అంటే సెకనుకు 12,800 ఎంబీ రవాణా. దాన్ని 8తో భాగిస్తే 1600 వస్తుంది, దుకాణంలో "పదహారు వందల స్పీడు" అనేది అదే. అలాగే 10600 అంటే 1333. చివర ఎస్ ల్యాప్‌టాప్ ఆకారానికి గుర్తు, డెస్క్‌టాప్‌కు అక్కడ యూ ఉంటుంది. 11 అన్నది స్పందన ఆలస్యం, పాత యంత్రం విషయంలో దాని గురించి బెంగపడనక్కరలేదు. వేగం ఎక్కువైనా ఇబ్బంది లేదు, 1600 స్టిక్కు 1333 బోర్డులో 1333కు దిగి నడుస్తుంది.

వరసలో చాలామంది చదవకుండా దాటేసేది 1ఆర్ఎక్స్8 అన్న ముక్క. అసలు గొడవ అక్కడే ఉంటుంది. ఎక్స్8 అంటే ఒక్కో చిప్పు ఒకసారికి 8 బిట్లు అందిస్తుందని. ప్రాసెసరు ఒకసారికి 64 బిట్లు తీసుకుంటుంది కాబట్టి ఎనిమిది చిప్పులు ఒక జట్టు. ఆ జట్టునే ర్యాంకు అంటారు. 1ఆర్ అంటే ఒక జట్టు, 2ఆర్ అంటే రెండు. ఇప్పుడు 4 జీబీ స్టిక్కు రెండు రకాలుగా తయారవుతుంది. 1ఆర్ఎక్స్8 అయితే ఎనిమిదే చిప్పులు, ఒక్కొక్కటి 4 గిగాబిట్లది. 2ఆర్ఎక్స్8 అయితే పదహారు చిప్పులు, ఒక్కొక్కటి 2 గిగాబిట్లది. మొత్తం ఒకటే. కాని 2010 వరకు వచ్చిన చాలా చిప్‌సెట్లు, మొదటి తరం కోర్ ఐ ప్రాసెసర్లు 2 గిగాబిట్ల చిప్పు వరకే లెక్కపెట్టగలవు. 4 గిగాబిట్ల చిప్పు తగిలిస్తే కొన్ని సగమే చూపిస్తాయి, కొన్ని లేవనే లేవవు. 2011లో వచ్చిన రెండో తరం కోర్ ఐ నుంచి ఈ ఇబ్బంది తీరింది.

జీ41 బోర్డు దీనికి మంచి ఉదాహరణ. కోర్ 2 డ్యుయో కాలపు అసెంబుల్డ్ యంత్రాల్లో అది బాగా నడిచింది. దాని గరిష్ఠం 8 జీబీ, అంటే రెండు స్లాట్లలో నాలుగేసి జీబీ. పుస్తకంలో అలా రాసి ఉందని దుకాణంలో 4 జీబీ డీడీఆర్3 కొంటే, ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఎనిమిది చిప్పుల స్టిక్కే. అది పెడితే తెర నల్లగా ఉండిపోతుంది. పాత 2 జీబీ స్టిక్కు తిరిగి పెడితే మామూలుగా లేస్తుంది. కొనితెచ్చినవాడు స్టిక్కు చెడ్డదంటాడు. దుకాణదారు తన యంత్రంలో పెట్టి నడిపించి చూపిస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ బోర్డుకు కావలసింది రెండు వైపులా ఎనిమిదేసి చిప్పులున్న 4 జీబీ స్టిక్కు. కొనేముందు స్టిక్కును తిప్పి రెండు వైపులా చూస్తే పది సెకన్లలో తేలే విషయం ఇది.

పరిమితులు బోర్డు దగ్గరా, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరా కూడా ఉంటాయి. జీ31 బోర్డు 4 జీబీతో ఆగుతుంది. హెచ్61 16 జీబీ వరకు పోతుంది. 2006, 2007 నాటి 945 చిప్‌సెట్ ల్యాప్‌టాప్‌లో 4 జీబీ పెట్టినా మూడుంబావు జీబీ దగ్గర ఆగుతుంది. ఆటం ప్రాసెసరుతో వచ్చిన తొలి చిన్న నెట్‌బుక్కులకు చాలావరకు 2 జీబీయే హద్దు. 32 బిట్ల విండోస్ ఉన్న యంత్రంలో చిరునామాలు 2 యొక్క 32వ ఘాతం, అంటే 429,49,67,296 మాత్రమే. 4 జీబీకి మించి ఎంత వేసినా అక్కరకు రాదు, అందులోనూ కొంత ఇతర భాగాలకు పోతుంది. విండోస్ 7 స్టార్టర్ అయితే 2 జీబీ దాటి వాడుకోనివ్వదు. విండోస్‌లో ర్యామ్‌ను 4 జీబీ దాటించేముందు 64 బిట్ల రకం ఎక్కించడం తప్పనిసరి.

తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో ప్లస్ టూ పిల్లలకు అందిన యంత్రాలు చాలా తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. తొలి విడతలవి 2 జీబీ ర్యామ్‌తో వచ్చాయి. సరఫరా చేసిన కంపెనీలు వేరు, విడతకో మోడల్. ఒకదానికి పట్టింది పక్కింటి దానికి పట్టకపోవచ్చు. ప్రతి యంత్రం అడుగు మూత విప్పి లోపలి లేబులు విడిగా చదవాల్సిందే. వీటిని ట్రస్టులు సేకరించి బాగు చేయించడం మంచి పని, ఇంట్లో అటక మీద ఉన్నదాన్ని అడిగితే కాదనేవారు తక్కువ.

బజారులో జాగ్రత్తపడవలసిన సరుకు రెండు రకాలు. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే 4 జీబీ డీడీఆర్2 డెస్క్‌టాప్ స్టిక్కుల్లో చాలావాటి మీద చిన్న అక్షరాలతో "ఏఎమ్‌డీకి మాత్రమే" అని ఉంటుంది. వాటి చిప్పుల అమరిక ఇంటెల్ చిప్‌సెట్లకు అర్థం కాదు. బోర్డు ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసరుది కాకపోతే ఎంత చవకైనా ముట్టకూడదు. రెండోది సర్వరు ర్యామ్. పాత సర్వర్లు విప్పినప్పుడు వచ్చే 8, 16 జీబీ స్టిక్కులు సగం ధరకు కోయంబత్తూరు గాంధీపురంలోనూ, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ కనిపిస్తాయి. డీడీఆర్3, డీడీఆర్4లలో గాటు ఒకటే కాబట్టి మామూలు బోర్డులో చక్కగా దిగుతాయి, కాని నడవవు. గుర్తుపట్టడం సులువు. మామూలు స్టిక్కు మీద ఎనిమిదో పదహారో చిప్పులుంటాయి. సర్వరుదాని మీద సాధారణంగా తొమ్మిదో పద్దెనిమిదో, లేక ఇంకా ఎక్కువో ఉండి, నడుమ వేరే ఆకారంలో ఇంకో చిప్పు ఉంటుంది. లేబులు చివర యూ, ఎస్ బదులు ఆర్ ఉంటుంది.

ఉన్న స్టిక్కును ఉంచి పక్కన మరొకటి వేయడం తప్పు కాదు. కంపెనీ ఒకటే కానక్కరలేదు. రెంటి వేగం వేరైతే తక్కువదానికి రెండూ దిగుతాయి, వోల్టేజీ 1.35, 1.5 కలిస్తే 1.5తో నడుస్తాయి. అయితే రెండు స్టిక్కులూ ఒకే పరిమాణంలో ఉంటే ప్రాసెసరు రెండు దారుల్లో ఒకేసారి తెచ్చుకుంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో ఆ లాభం కంటికి కనిపిస్తుంది. అందువల్ల 8 జీబీ కావాలంటే ఒకటే 8 కన్నా రెండు 4లు మేలు, స్లాట్లు రెండు ఉంటే. జతగా పని చేయని స్టిక్కులు అప్పుడప్పుడు తగులుతాయి, విడివిడిగా రెండూ బాగున్నా సరే. దానికి మందు, ఒకే లేబులున్న జత వెతుక్కోవడమే.

బిగించే పని పది నిమిషాలది. ముందు ప్లగ్గు పీకాలి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ తీయాలి, తర్వాత పవర్ బటను కొన్ని సెకన్లు నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనివ్వాలి. క్యాబినెట్ ఇనుమును చేత్తో ఒకసారి తాకాలి. పొడిగాలి రోజుల్లో ఒంటి మీద పేరుకునే స్టాటిక్ చిప్పును పాడు చేయగలదు. స్పిన్నింగ్ మిల్లుల్లో హ్యూమిడిఫికేషన్ ప్లాంటు ఎందుకు నడుపుతారో తెలిసినవారికి దీన్ని వేరే చెప్పనక్కరలేదు. స్టిక్కును అంచులు పట్టుకుని ఎత్తాలి, బంగారు పిన్నులను వేలితో తాకకూడదు. డెస్క్‌టాప్‌లో గాటు చూసుకుని నిటారుగా దించి రెండు చివరలా సమంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని వాటంతట అవే మూసుకుంటాయి. ల్యాప్‌టాప్‌లో ఏటవాలుగా లోపలికంటా తోసి, పిన్నులు దాదాపు కనిపించకుండా పోయాక, కిందికి వంచాలి. పాత స్టిక్కు పిన్నులు నల్లబడి ఉంటే అందరూ పెన్సిలు రబ్బరుతో రుద్దుతారు. మెల్లగా రుద్ది పొడి పూర్తిగా దులిపితే పర్వాలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన బట్ట ఇంకా మంచిది. రబ్బరు పొడి స్లాటులో పడితే కొత్త తంటా.

కరెంటు పెట్టగానే బోర్డు స్టిక్కు మీదున్న చిన్న గుర్తింపు చిప్పును చదివి వేగం, వోల్టేజీ తెలుసుకుంటుంది. చదవలేకపోతే బీప్ కొడుతూ ఉండిపోతుంది. అప్పుడు ఒక్క స్టిక్కే ఉంచి, స్లాటు మార్చి చూడాలి. కొన్ని బోర్డులకు బయాస్ (బోర్డులోనే ఉండే ప్రారంభ ప్రోగ్రాము) అప్‌డేట్ చేస్తేగాని కొత్త స్టిక్కు అర్థం కాదు. లేచాక పని అయిపోలేదు. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవు నుంచి నడిపి రాత్రంతా వదిలేయాలి. తెల్లారి తెర మీద ఒక్క ఎర్ర వరస ఉన్నా ఆ స్టిక్కు తిరిగి ఇచ్చేయాలి. ఒక్క తప్పే కదా అని ఉంచుకుంటే, నెలల తరబడి స్కాన్ చేసిన పేజీల్లో ఏది ఎప్పుడు చెడిందో తెలియకుండా చెడుతుంది.

అన్ని యంత్రాలకూ ఖర్చు పెట్టడం దండగ. తయారీ ఆగిపోయిన తరానికి జీబీ ఒక్కింటికి ధర ఎక్కువ. 2 జీబీతో ఆగే ఆటం నెట్‌బుక్కులకు రూపాయి పెట్టనక్కరలేదు. ర్యామ్ బోర్డుకే అతికి ఉన్న పలచటి ల్యాప్‌టాప్‌లకు అవకాశమే లేదు. డీడీఆర్2 యంత్రాలు నాలుగుంటే, కొత్త స్టిక్కులు కొనే బదులు రెంటివి తీసి మిగతా రెంటికి వేయడం తెలివైన పని. మిగిలిన డొల్లలను 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్లకే ఇవ్వాలి. పొగ లేపుతూ వైర్లు కాల్చి రాగి తీసేవారి చేతికి పోకూడదు. డీడీఆర్3 యంత్రాలు మాత్రం నిలబెట్టుకోవలసినవి. ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్, సీడాక్ చెన్నై తయారుచేసిన బాస్ లైనక్సో, లైనక్స్ మింటో వేస్తే తెలుగు, తమిళం రెండూ చక్కగా పలుకుతాయి. 2025 చివరి నెలల నుంచి ఏఐ సర్వర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ పేరుతో సాగే చిల్లర వ్యాపారాన్ని మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఈ పరిస్థితిలో ఒక్క తప్పు కొనుగోలు కూడా ట్రస్టు సొమ్ముకు భారమే.

కాబట్టి కొనే ముందు ధర్మకర్తలు ఒక పట్టిక తయారు చేయించాలి. పెద్ద ఇంజినీరు అక్కరలేదు, పాలిటెక్నిక్ చదివే పిల్లలు ఇద్దరు ఒక ఆదివారం కూర్చుంటే అవుతుంది. ప్రతి యంత్రానికీ బోర్డు లేదా మోడల్ పేరు, చిప్‌సెట్, స్లాట్లు, ఇప్పుడున్న స్టిక్కు లేబులులోని మొత్తం వరస, బోర్డు గరిష్ఠం, ఆపరేటింగ్ సిస్టమ్ 32 బిట్లదా 64దా అన్నవి రాయాలి. స్టిక్కుకు రెండు వైపులా ఫొటో తీసి జతపరచాలి. కొనుగోలు చీటీలో "4 జీబీ ర్యామ్ రెండు" అని రాస్తే చాలదు. జీ41 బోర్డుకైతే "డెస్క్‌టాప్ డీడీఆర్3, 4 జీబీ, పదహారు చిప్పులది, 2ఆర్ఎక్స్8, పీసీ3-10600యూ, సర్వరుది కాదు, ఏఎమ్‌డీకి మాత్రమే అన్నది కాదు, ఈ బోర్డులో లేవకపోతే వారంలోగా వాపసు" అని ఉండాలి. ల్యాప్‌టాప్‌కైతే ఎల్, ఎస్ అక్షరాలు మరిచిపోకూడదు. తీసేసిన పాత స్టిక్కులను ప్లాస్టిక్ కవరులో కాకుండా స్టిక్కుతో వచ్చే వెండిరంగు యాంటీస్టాటిక్ కవరులో పెట్టి, ఏ యంత్రంలోంచి తీసిందో పైన రాసి, బీరువాలో పట్టికతో పాటే ఉంచాలి.